పేరుకు ముందు ఏం రాయాలి, వెనుక ఏం రాయాలి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, గోపాలపురం ప్రాంతాల తెలుగువారు శుభలేఖల్లో, ఆహ్వానపత్రాల్లో, ఆఫీసు ఉత్తరాల్లో, సభల్లో పేరుతోపాటు ఏ గౌరవవాచకం వాడాలో, ఏది వాడకూడదో అడిగారు. ముందున్నవి పెళ్లిళ్ల రోజులు కనుక శుభలేఖ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి ఎం.డి. చదివిన వైద్యురాలు. కాబోయే అల్లుడు భౌతికశాస్త్రంలో పిహెచ్.డి. చేసి కాలేజీలో పనిచేస్తున్నాడు. శుభలేఖలో ఇద్దరి పేర్ల ముందూ 'డా.' ఉండాలని వియ్యాలవారు కోరుతున్నారు. 'చి.ల.సౌ.' ఉన్న చోట 'డా.' ఎందుకని మా పెద్దలు అంటున్నారు. మా మామగారు కాలం చేశారు, అత్తగారు ఉన్నారు. ఆవిడ పేరు ముందు 'శ్రీమతి' రాయకూడదని బంధువులొకరు అన్నారు. కార్డు ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఒడియాలో వేయిస్తున్నాం. ఎలా రాయమంటారు? (ఒక తల్లి, బరంపురం)

జవాబు: ముందుగా మీ అత్తగారి సంగతి చెబుతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టినది అదే. 'శ్రీమతి' నిస్సంకోచంగా రాయండి. భార్య పోయిన పురుషుడి పేరు ముందునుంచి 'శ్రీ'ని ఎవరూ తీసివేయరు. భర్త పోయిన స్త్రీ పేరు ముందునుంచి మాత్రం 'శ్రీమతి'ని తీసివేయాలనడం మర్యాద కాదు, శాస్త్రమూ కాదు. మనుమరాలి పెళ్లి కార్డులో తన పేరు బోసిగా ఉండడం చూసుకున్న పెద్దావిడ మనసు ఎలా ఉంటుందో ఆ సలహా ఇచ్చినవారు ఒక్కసారి ఆలోచించాలి. మామగారి పేరు ముందు 'కీ.శే.' పెట్టి, పేరు తరువాత 'గారు' ఉంచండి. కాలం చేసినవారికి 'గారు' తీసివేయవలసిన పని లేదు. 'కీ.శే. ఫలానా గారి, శ్రీమతి ఫలానా గారి మనుమరాలు' అంటే వాక్యం నిండుగా ఉంటుంది.

ఇక 'డా.' విషయం. శుభలేఖ ఇంటిపెద్దలు బంధుమిత్రులకు రాసే ఉత్తరం. అందులో వధూవరులు ఆ పెద్దలకు పిల్లలు, అందుకే వరుడి పేరు ముందు 'చి.', వధువు పేరు ముందు 'చి.ల.సౌ.' అనే దీవెన వస్తుంది. 'డాక్టర్' అనేది చదువును బట్టి నలుగురూ ఇచ్చే గౌరవం. రెండూ మంచివే అయినా ఒకటి ఇంట్లోనిది, మరొకటి వీధిలోనిది. నా సలహా ఏమిటంటే, పేరు ముందు దీవెన ఒక్కటే ఉంచి, చదువును పేరు కింద చిన్న అక్షరాలతో వేయించండి:

చి.ల.సౌ. (అమ్మాయి పేరు)
ఎం.బి.బి.ఎస్., ఎం.డి.

వియ్యాలవారు పట్టుబడితే 'చి.ల.సౌ. డా.' అని రాసినా తప్పేమీ లేదు, దీవెన ముందుండాలి, అంతే. అయితే ముందు 'డా.' వేసి, కింద మళ్లీ డిగ్రీలు వేయించడం అనవసరం, ఒకే విషయాన్ని రెండుసార్లు చెప్పినట్లవుతుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా ఇద్దరికీ ఒకే విధంగా పాటించండి. వరుడి చదువు, ఉద్యోగం రెండు పంక్తుల్లో వేసి, అంతే చదువుకున్న అమ్మాయి పేరు మాత్రం ఒంటరిగా వదిలేసిన కార్డులు నాకు ఇప్పటికీ వస్తున్నాయి. మీ ఇంట అలా జరగనీయకండి.

ఒడియా వైపు పాఠాన్ని తెలుగు పాఠం ముందు పెట్టుకుని మాటకు మాట మార్చి రాయించవద్దు, ఒడియా బాగా రాయగల పెద్దల చేత విడిగా రాయించండి. 'శ్రీ', 'శ్రీమతి' రెండు భాషల్లోనూ ఉన్నాయి కనుక చిక్కు లేదు. 'కీ.శే.' బదులు అక్కడ 'స్వర్గత' అంటారు. 'గారు' అనేది ఒడియా పాఠంలోకి రాకూడదు. మన ఇంటిపేరు ముందుంటుంది, వారిది చివర ఉంటుంది. కాబట్టి మన పేర్లలో ఇంటిపేరును పొడి అక్షరంగా కాక పూర్తిగా రాయించండి. లేకపోతే చివరనున్న 'రావు'నో, 'మూర్తి'నో మీ ఇంటిపేరు అనుకుంటారు. చివరి మాట ఒకటి: ఆహ్వానించేవారిగా మీ దంపతుల పేర్లు వచ్చే చోట 'శ్రీ'గాని 'గారు'గాని వద్దు. గౌరవవాచకం ఎదుటివారు మనకు ఇచ్చేది, మన చేతితో మనం రాసుకునేది కాదు.

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో 1936కు ముందటి దస్తావేజులు, కార్డులు దొరికాయి. అన్నిటి మీదా పేరుకు ముందు 'మ.రా.రా.శ్రీ' అని, పేరు చివర 'గారికి' అని ఉంది. ఒక ఉత్తరంలో గురువుగారి పేరు ముందు 'శ్రీ' పక్కన 6 అంకె వేశారు. వీటి అర్థం ఏమిటి? ఇప్పుడు మా సంఘం కార్డుల మీద 'మ.రా.రా.శ్రీ' వాడవచ్చా? (పర్లాకిమిడి పాఠకుడు)

జవాబు: అది 'మహారాజరాజశ్రీ'. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేంతవరకు గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) ఉండేది. మద్రాసు ప్రభుత్వపు ఉత్తరప్రత్యుత్తరాల్లో వేరే బిరుదు లేని పెద్దమనుషుల పేరు ముందు ఈ మాట రాసేవారు. తెలుగువారైతే చివర 'గారు', తమిళులైతే 'అవర్గళ్' చేరేది. ప్రభుత్వ బిరుదు ఉన్నవారికి దాని స్థానంలో 'రావుసాహెబ్', అంతకు పైమెట్టు అయితే 'రావుబహదూర్', దానికీ పైన 'దివాన్ బహదూర్' వచ్చేవి. పేరులో మహారాజు ఉన్నా ఆ మాటకు రాచరికంతో సంబంధం లేదు. పొలం అమ్మినవారికీ, కొన్నవారికీ, సాక్షి సంతకం పెట్టినవారికీ అదే వర్తించేది.

అంకె సంగతి ఇంకా బాగుంటుంది. ఎవరికి ఎన్ని శ్రీలు రాయాలో చెప్పే సంస్కృత శ్లోకం ఒకటి పాతకాలపు లేఖకులకు కంఠస్థంగా ఉండేది. గురువుకు 6, ప్రభువుకు 5, శత్రువుకు 4, మిత్రుడికి 3, సేవకుడికి 2, కొడుక్కీ భార్యకూ ఒక్కొక్కటి. ఆరుసార్లు రాయడానికి చోటు చాలదు కనుక 'శ్రీ 6' అని అంకె వేసేవారు. శత్రువుకు కూడా నాలుగు శ్రీలు, అదీ మిత్రుడికంటే ఒకటి ఎక్కువ! విరోధం ఉన్నచోట మాట మర్యాద మరింత జాగ్రత్తగా ఉండాలని ఆ పెద్దలు ఎంచిన తీరు నాకు ఎంతో నచ్చుతుంది. ఇప్పుడు పీఠాధిపతులకు 'శ్రీశ్రీశ్రీ' అని రాసే ఆనవాయితీ ఒక్కటే మిగిలింది.

కార్డుల మీద 'మ.రా.రా.శ్రీ' వద్దు. చదివేవారిలో సగం మందికి అర్థం కాదు, అర్థం కాని గౌరవం ఎవరికీ చేరదు. ఆ కాగితాలను మాత్రం జాగ్రత్త చేయండి.

ప్రశ్న: మా సంఘం వార్షికోత్సవానికి పద్మశ్రీ పొందిన కళాకారులొకరు వస్తున్నారు. కార్డులో 'పద్మశ్రీ ఫలానా గారు' అని వేయించబోతే చట్టరీత్యా తప్పని ఒక లాయరు గారు అన్నారు. నిజమేనా? మరొక అతిథికి సాహిత్య సంస్థ ఇచ్చిన బిరుదు ఉంది. ఇంకొకరు రాజవంశీకులు. (సంఘ కార్యదర్శి, బరంపురం)

జవాబు: లాయరు గారు చెప్పింది నిజం. రాజ్యాంగం 18వ అధికరణం ప్రకారం సైనిక, విద్యా సంబంధమైన హోదాలు తప్ప రాజ్యం, అంటే ప్రభుత్వం, ఎవరికీ బిరుదులు ఇవ్వకూడదు. 1954లో మొదలైన భారతరత్న, పద్మ పురస్కారాలు ఈ నిషేధం కిందికి వస్తాయా రావా అన్న వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. బాలాజీ రాఘవన్ కేసులో 1995 డిసెంబర్ 15న తీర్పు వచ్చింది. ఇవి పురస్కారాలేగాని బిరుదులు కావనీ, అందుచేత రాజ్యాంగ విరుద్ధం కావనీ, అయితే వాటిని పేరుకు ముందుగాని వెనుకగాని తగిలించరాదనీ, అలా వాడినవారు పురస్కారాన్ని కోల్పోవలసి రావచ్చనీ న్యాయస్థానం చెప్పింది. ఆహ్వానపత్రాలు, పోస్టర్లు, పుస్తకాలు, లెటర్‌హెడ్లు అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. మీరు గౌరవమనుకుని వేసిన మాట ఆయనను ఇబ్బందిలో పెట్టవచ్చన్నమాట. కాబట్టి పేరు 'శ్రీ ఫలానా గారు' అనే వేయించండి. పురస్కారం గురించి సభలో పరిచయం చేసేటప్పుడు వాక్యంలో చెప్పండి: 'కళారంగంలో చేసిన సేవకు వీరిని కేంద్రప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది' అంటే పూర్తి గౌరవం దక్కుతుంది, నియమమూ నిలుస్తుంది. మీ బరంపురంలోనే 1894లో పుట్టిన వి.వి. గిరి గారికి 1975లో భారతరత్న వచ్చింది. ఆయనను తలచుకునేవారు 'గిరి గారు' అనే అంటారు, దానివల్ల ఆయన పెద్దరికానికి లోటేమీ రాలేదు.

సాహిత్య సంస్థలు, సభలు ఇచ్చే బిరుదులకు ఈ నిషేధం లేదు, అవి రాజ్యం ఇచ్చేవి కావు కనుక. కానీ ఒక్క బిరుదు చాలు. ఎక్కువ ఉంటే ఆయననే అడిగి, ఆయనకు ఇష్టమైనది వేయించండి. ఏళ్ల తరబడి పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవర అనే గిరిజన భాషకు జీవితాన్ని ధారపోసిన గిడుగు రామమూర్తి గారికి 1913లో బ్రిటిష్ ప్రభుత్వం 'రావుసాహెబ్' ఇచ్చింది, 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 'కళాప్రపూర్ణ'తో సత్కరించింది. ఇప్పుడు ఏటా ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్న మనం ఆయనను 'గిడుగు రామమూర్తి పంతులు గారు' అంటున్నామేగాని రావుసాహెబ్ అనడం లేదు. జనం నోట నిలిచినదే చివరికి మిగులుతుంది.

రాజవంశీకులను మాటల్లో 'రాజావారు' అని పిలవడం మన ఊళ్ల ఆనవాయితీ, దానిలో దోషం లేదు. కార్డు మీద మాత్రం పేరు చాలు. సంస్థల పేర్లు వేరు: మీ ఊరి వైద్య కళాశాల 'మహారాజా కృష్ణచంద్ర గజపతి' పేరు మీద ఉంది, ఆ పేరులోని 'మహారాజా'ను కత్తిరించే హక్కు మనకు లేదు.

ప్రశ్న: మా ఊళ్లో ఒకరు ఏదో సంస్థకు డబ్బు కట్టి డాక్టరేటు తెచ్చుకుని పేరు ముందు 'డా.' పెట్టుకున్నారు. మేము కూడా అలాగే పిలవాలా? (గుణుపురం పాఠకురాలు)

జవాబు: అక్కరలేదు. 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం విశ్వవిద్యాలయాలకూ, చట్టరీత్యా ఆ అధికారం పొందిన సంస్థలకూ మాత్రమే ఉంది. మిగిలినవారు ఇచ్చేది కాగితమే. నిజమైన విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చినా దాన్ని పేరు ముందు పెట్టుకోకపోవడమే మేలైన సంప్రదాయం. అయితే నలుగురిలో ఆయనను నిలదీయకండి. 'ఫలానా గారు' అని పిలవండి. అది అందరికీ సరిపోయే మాట.

ప్రశ్న: మా వీధిలో సైన్యం నుంచి రిటైరైన కల్నల్ గారు, సుబేదారుగా చేసి గౌరవ కెప్టెన్ హోదాతో వచ్చినవారు, జిల్లా జడ్జిగా రిటైరైనవారు, నాకు చదువు చెప్పిన మాస్టారు ఉన్నారు. అందరినీ ఒక సన్మాన సభకు పిలుస్తున్నాం. 'రిటైర్డ్' అని ఎక్కడ వేయాలి? (గోపాలపురం పాఠకుడు)

జవాబు: సైనిక వాయురక్షణ కళాశాల ఉన్న ఊరు కనుక మీకు ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది. సైన్యంలో అధికారి రిటైరవుతారేగాని హోదా రిటైరు కాదు. కాబట్టి 'రిటైర్డ్ కల్నల్ ఫలానా' అనడం సరికాదు. 'కల్నల్ ఫలానా (రిటైర్డ్)' అని, హోదా ముందు, పేరు మధ్య, 'రిటైర్డ్' చివర వేయించండి. కల్నల్ ఉన్న చోట 'శ్రీ' చేర్చనక్కరలేదు. రెండోవారిది 'ఆనరరీ కెప్టెన్ ఫలానా (రిటైర్డ్)'. ఆ 'ఆనరరీ'ని చిన్నతనమనుకుని తీసివేయవద్దు. సిపాయిగా చేరి అంచెలంచెలుగా పైకి వచ్చి అందుకున్న హోదా అది, దాన్ని ఉన్నదున్నట్టు వేస్తేనే ఆయన సేవకు గౌరవం.

జిల్లా జడ్జిగారికి 'జస్టిస్' వేయకండి. అది హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులకే చెందుతుంది. 'శ్రీ ఫలానా గారు, విశ్రాంత జిల్లా న్యాయమూర్తి' అంటే సరిపోతుంది. రిటైరైన తరువాత లాయరుగా పనిచేస్తున్నవారైతే మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం లాయరు తన బోర్డు మీద తాను గతంలో జడ్జిగా ఉన్నట్టుగాని, ఏదైనా సంఘానికి అధ్యక్షుడినన్నట్టుగాని రాసుకోకూడదు. పేరు, 'అడ్వకేట్' అన్న మాట చాలు.

మాస్టారి పేరు పక్కన 'రిటైర్డ్' వేయకపోతేనే బాగుంటుంది. బడి మానుకున్నంత మాత్రాన మాస్టారు మాస్టారు కాకుండా పోరు. 'శ్రీ ఫలానా మాస్టారు' అని వేయించండి. నలుగురిలో ఆయన పేరు మొదట వచ్చేట్టు చూస్తే నాకూ సంతోషం.

ప్రశ్న: రాయగడలో ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్నాను. తోటి ఒడియా ఉద్యోగులు నన్ను 'రావు బాబు' అంటారు. మన దగ్గర 'బాబూ' అంటే చిన్నపిల్లలనో, లేదా పనివారు యజమానినో పిలిచే పిలుపు కదా, వినడానికి ఇబ్బందిగా ఉంది. నేను వాళ్లనూ, పై అధికారినీ ఏమని పిలవాలి? అధికారి మహిళ. (రాయగడ పాఠకుడు)

జవాబు: ఇబ్బంది పడకండి, వాళ్లు మీకు ఇస్తున్నది నిండు గౌరవమే. ఒడియాలో పేరు చివర 'బాబు' చేర్చడం మనం 'గారు' చేర్చడం వంటిదే. ముఖ్యమంత్రిగా చేసిన బిజూ పట్నాయక్‌ను ఒడిశా అంతా 'బిజూ బాబు' అనే పిలిచింది. మీరూ తోటివారిని ఒడియాలో మాట్లాడేటప్పుడు అలాగే పిలవండి, తెలుగులో మాట్లాడేటప్పుడు 'గారు' అనండి. 'బాబు గారు' అని రెండూ కలపవద్దు. 'పట్నాయక్' అని కనబడగానే ఒడియా అనుకుని ఒడియాలో మొదలుపెట్టకండి. శ్రీకాకుళం వైపు తెలుగు పట్నాయకులు ఎందరో ఉన్నారు. 'రావు' అంటే మీ ఆఫీసులో ముగ్గురు పలికే అవకాశం ఉంటే, మీ అసలు పేరు చెప్పి దానితో పిలవమని నెమ్మదిగా అడగవచ్చు.

పై అధికారిని 'మేడమ్' అనండి. ఒడియాలో ఆమె మాటకు బదులు చెప్పేటప్పుడు 'ఆజ్ఞా' అంటే వినయంగా ఉంటుంది, 'ఆపణ' అనే మన్నన సర్వనామం తప్పకూడదు. 'అమ్మా' అనే మన అలవాటు ఆప్యాయమైనదే అయినా, ఆఫీసులో ఆమె మీకంటే చిన్నవారైతే ఇబ్బందికరం కావచ్చు. ఉత్తరంలో ఆమెకు పెళ్లైందో లేదో తెలియకుండా 'శ్రీమతి', 'కుమారి' ఏదో ఒకటి ఊహించి రాయవద్దు. పదవి పేరుతో సంబోధించండి. 'మహామహిమ' ('ఎక్సలెన్సీ') వంటి మాటలను ఎవరికీ వాడవద్దు. 2012లో రాష్ట్రపతి భవనమే దేశంలోపలి వ్యవహారాల్లో దాన్ని వదిలిపెట్టింది. కోర్టు పని మీద వెళ్లినా అంతే, 'మై లార్డ్' వంటి మాటలు అక్కరలేదు. 2006లో బార్ కౌన్సిల్, కింది కోర్టుల్లో 'సర్' గాని, ప్రాంతీయ భాషలో దానికి సమానమైన మాట గాని చాలునని చెప్పింది.

ప్రశ్న: కాలేజీ సభల్లో వేదిక మీద మాట్లాడే పని నాకు అప్పగిస్తారు. ప్రతిసారీ అతిథి పేరు బిరుదులన్నిటితో చదవాలా? పాత కవుల పేర్లకూ 'గారు' చేర్చాలా? (జయపురం విద్యార్థిని)

జవాబు: మొదటిసారి పిలిచేటప్పుడు పూర్తిపేరు, హోదా, 'గారు' స్పష్టంగా చదవమ్మా. ఆ తరువాత 'ఆచార్యులు గారు', 'డాక్టరు గారు', లేదా చిన్నపేరు చివర 'గారు' చాలు. ప్రతి వాక్యానికీ బిరుదులన్నీ చదివితే వినేవారికి పేరే వినబడదు. 'గారు' అన్నాక క్రియ కూడా దానికి తగ్గట్టే ఉండాలి: 'వచ్చారు', 'చెప్పారు'. 'ఆచార్యులు గారు చెప్పాడు' అనే మాట ఈమధ్య వేదికల మీద తరచుగా వినబడుతోంది, దాన్ని నీ నోట రానీయకు. 'ప్రొఫెసర్' అనేది పదవి. కాలేజీలో పాఠం చెప్పే ప్రతివారికీ అది చెందదు కనుక ముందురోజే అడిగి రాసుకో. ఇంటిపేరు, పేరు ఎలా పలకాలో కూడా ఆయననే అడుగు. ఒడియా అతిథులైతే ఇది మరీ ముఖ్యం.

నన్నయ, తిక్కన, పోతన వంటి మహాకవులకు మనం 'గారు' చేర్చం, 'పోతన రాశాడు' అనే అంటాం. అది అగౌరవం కాదు, దేవుణ్ణీ తల్లినీ 'నువ్వు' అనుకునే చనువు. నిన్నమొన్నటి వరకు మన మధ్య ఉన్న రచయితలకు, వారి పిల్లలు సభలో కూర్చుని ఉండగా, తప్పకుండా 'గారు' అనాలి. నిన్ను నువ్వు పరిచయం చేసుకునేటప్పుడు పేరు, చదువుతున్న సంవత్సరం చెప్పి ఊరుకో.

వచ్చే సంచికకు ఉత్తరాలు రాసేవారు తమ ఊరు, జిల్లా రాస్తే చాలు. పేరు అచ్చువేయవద్దని కోరినవారి పేరు వేయము.